మందు పంపులో చిన్న భాగము విరిగినపుడు



సార్వా నాట్లు ముగిసిన తరువాత బందరు కాలువ వెంట ఉన్న ఒక గ్రామములో రైతుల సమావేశము జరిగినది. సుడిదోమను గూర్చి చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి నేను కూర్చుంటిని. వెనుక వరుస నుండి ఒక పెద్దాయన లేచి ఇట్లు అడిగినారు.

"ఆఫీసరుగారూ, ఇది పంట సంగతి కాదు, ఏమనుకోకండి. మా మనవడు పట్నంలో రైఫిలు క్లబ్బులో గురి కొడతాడు. వాడి పాయింట్ 22 రైఫిలులో పిన్ను విరిగింది. ఇంతంటే ఇంత చీల. వన్ టౌన్‌లో మనకి తెలిసిన లేతు మిషనాయన ఉన్నాడు. పిన్ను తిప్పించుకొచ్చి ఇంట్లోనే బిగిస్తే సరిపోద్దిగా?"

అందరును నవ్వినారు. కాని ప్రశ్న నవ్వదగినది కాదు. వచ్చిన గ్రామోద్యోగులు కూడ నా వంక చూచుచుండిరి. అందుచేత తెలిసినంత వరకు వివరముగ చెప్పితిని.

"సరిపోదు బాబాయిగారూ. 1959 ఆయుధముల చట్టము 5వ సెక్షను ప్రకారము తుపాకి చేయుటకే కాదు, బాగుచేయుటకు కూడ ప్రత్యేకముగ లైసెన్సు ఉండవలెను. మీ మనవని దగ్గర ఉన్నది తుపాకి ఉంచుకొనుటకు లైసెన్సు, బాగుచేయుటకు కాదు. ఆయుధము అను మాటలో దాని విడి భాగములు కూడ చేరునని ఆ చట్టమే చెప్పుచున్నది. కాబట్టి లేతు మీద పిన్ను తిప్పిన వానికి కూడ చిక్కే. 2019లో చట్టమును సవరించిన తరువాత ఈ నేరమునకు కనీస శిక్ష ఏడు సంవత్సరముల జైలు. రైఫిలును లైసెన్సు గల మరమ్మతు దుకాణమునకే ఇవ్వవలెను."

పిన్ను ఎందుకు విరుగునో కూడ చెప్పితిని. పాయింట్ 22 తూటాకు మందు మధ్యలో ఉండదు, అడుగు అంచు చుట్టు ఉండును. పిన్ను ఆ అంచు మీద కొట్టవలెను. తూటా లేకుండ ఊరికే మీట నొక్కుచుండినచో అనేక రైఫిళ్లలో పిన్ను పోయి గొట్టము అంచుకే తగులును. కొంతకాలమునకు పిన్ను విరుగును, లేదా గొట్టము అంచు సొట్టబోవును. ఇంట్లో చేసిన పిన్ను వెంట్రుకవాసి పొడవైనను తలుపు మూయగానే తూటా పేలవచ్చును. చట్టము కాదన్నను ఇది చేయదగిన పని కాదు.

పెద్దాయన కొంచెము నిరుత్సాహపడినారు. "అయితే చిన్న చీల విరిగినా పట్నం పోవాల్సిందేనా? ఇంట్లో మన చేత్తో మార్చుకునేది ఏదీ లేదా?" అన్నారు.

ఆయన వెనుకనే, గోడవారన, ఆయన మందు పంపు ఉన్నది. దాని ట్రిగ్గరు చుట్టును సైకిలు ట్యూబు ముక్క నాలుగు చుట్లు చుట్టి పురికొసతో బిగించి ఉన్నది. పురికొస పసుపు రంగుకు మారినది. నేను దానిని చూపించితిని.

"ఉన్నది బాబాయిగారూ. అదిగో, దానిని మీరే మార్చుకొనవలెను. ఈ రోజే మార్చుకొనవలెను."

ఆనాడు అక్కడ చెప్పిన విషయములనే ఈ వ్యాసములో వ్రాయుచున్నాను.

నేను చేసిన తప్పు

ఉద్యోగములో చేరిన మొదటి సంవత్సరము నేను కూడ పురికొస కట్టినవాడనే. ఒక గ్రామములో మందు చల్లు ప్రదర్శన పెట్టితిమి. పంపు ట్రిగ్గరు దగ్గర చుక్కలు చుక్కలుగ కారుచున్నది. రైతులు వచ్చి నిలుచుని ఉన్నారు. పట్నము పోయి వాషరు తెచ్చుటకు వ్యవధి లేదని దారము చుట్టి పైన ప్లాస్టరు అంటించి పని నడిపించితిని. రెండు ట్యాంకులు కొట్టిన తరువాత, మందు చల్లుచున్న కూలి మనిషి గట్టు మీద కూలబడినాడు. తల తిరుగుచున్నదన్నాడు, వాంతి చేసికొన్నాడు. చూచినచో మోచేతి వరకు చొక్కా మందుతో తడిసి ఉన్నది. ట్యాంకు మూత కూడ సరిగ బిగియక వీపు కూడ తడిసినది. బట్టలు విప్పించి సబ్బుతో కడిగి ఆసుపత్రికి తీసికొనిపోతిమి. రెండు దినములకు ఇంటికి వచ్చినాడు. అది అతని అదృష్టము, నా అదృష్టము.

అంత పని చేసిన వాషరు రూపాయి బిళ్ల కంటె చిన్నది. ఆ తరువాత నేను పంపుకు దారము కట్టలేదు, కట్టనీయలేదు.

పురుగుమందు నోటి ద్వారా పోయిననే విషమని మనలో చాలమంది అనుకొందురు. ఆర్గానో ఫాస్ఫేటు జాతి మందులు చర్మము గుండ కూడ ఒంటిలోనికి ఇంకును. చెమట పట్టిన ఒంటికి, తడిసిన బట్ట అంటిపెట్టుకొని ఉన్నపుడు, మరింత త్వరగ ఇంకును. మందు డబ్బా మీద వజ్రాకారపు గుర్తులో క్రింది సగమునకు వేసిన రంగు చూడుడు. ఎరుపు అన్నిటి కంటె తీవ్రమైన విషము. తరువాత వరుసగ పసుపు, నీలము, ఆకుపచ్చ. రంగు ఏదైనను కారు పంపుతో చల్లదగినది ఒక్కటియు లేదు.

పంపులో ఏమేమి ఉన్నవి

చేతితో కొట్టు వీపు పంపు చాల తేలికైన యంత్రము. ఒకసారి విప్పి చూచినచో జీవితాంతము మరచిపోరు. చేతి మీట కొట్టగానే లోపలి కడ్డీ పైకి క్రిందికి ఆడును. ఆ కడ్డీ కొనకు గిన్నె ఆకారపు వాషరు ఉండును. మన రైతులు దీనినే బకెట్ వాషరు అందురు. ఇది తోలుది గాని రబ్బరుది గాని కావచ్చును. నీటిని లోనికి పీల్చుటకు ఒక వాల్వు, ప్రెషరు గదిలోనికి పంపుటకు ఒక వాల్వు ఉండును. ఈ వాల్వులలో చిన్న గోలీ గాని రబ్బరు బిళ్ల గాని ఉండి, నీటిని ముందుకు పోనిచ్చును, వెనుకకు రానీయదు. ప్రెషరు గది నుండి గొట్టము, గొట్టము చివర ట్రిగ్గరు, ట్రిగ్గరు పిడిలో జల్లెడ, ఆపైన పొడవైన లాన్సు, లాన్సు కొనకు నాజిలు.

నాజిలు టోపీ విప్పినచో లోపల వరుసగ జల్లెడ, నీటిని సుడి తిప్పు బిళ్ల, వాషరు, సన్నని రంధ్రము గల బిళ్ల ఉండును. కంపెనీని బట్టి అమరిక కొద్దిగ మారవచ్చును గాని పని ఒక్కటే.

గుర్తును బట్టి జబ్బు

వైద్యుడు నాడి చూచినట్లు పంపును కూడ గుర్తులను బట్టి చూడవలెను. అన్నియు విప్పి పరచనక్కరలేదు.

1. మీట వదులుగ ఆడుచున్నది, ప్రెషరు రాదు: బకెట్ వాషరు ఎండి ముడుచుకొన్నది, లేదా చిరిగినది. పీల్చు వాల్వులో ఇసుక రేణువు పడినను ఇట్లే యగును.

2. కొట్టుట ఆపగానే మీట తనంత తాను కదలుచున్నది: ప్రెషరు గదికి పోవు వాల్వు సరిగ మూసికొనుట లేదు. నీరు వెనుకకు తన్నుచున్నది. గోలీ, అది కూర్చొను గూడు శుభ్రము చేయవలెను, అరిగినచో మార్చవలెను.

3. ట్రిగ్గరు వదిలిన తరువాత కూడ నాజిలు నుండి చుక్కలు పడుచున్నవి: ట్రిగ్గరు వాల్వు లోపలి వాషరు గాని స్ప్రింగు గాని పోయినది.

4. ట్రిగ్గరు పిడి దగ్గర చేతి మీద కారుచున్నది: కడ్డీ చుట్టు ఉండు రబ్బరు ఉంగరము తెగినది.

5. నాజిలు టోపీ మరల దగ్గర కారుచున్నది: లోపలి వాషరు అరిగినది. టోపీని కటింగు ప్లేయరుతో ఎంత బిగించినను కారుట ఆగదు, మర పోవుట ఒక్కటే లాభము.

6. జల్లు ఒక ప్రక్కకు పోవుచున్నది, గీతలు గీతలుగ పడుచున్నది: రంధ్రములో చెత్త ఉన్నది, లేదా రంధ్రము అరిగినది.

7. వంగినపుడు వీపు మీద పడుచున్నది: ట్యాంకు మూత వాషరు, మూతలోని గాలి వాల్వు చూడుడు.

ఈ ఏడింటిలో ఒక్కటి కూడ ఇంట్లో బాగుచేసికొనలేనిది కాదు.

విప్పుటకు ముందు

తుపాకి సంగతి తెలిసినవారు తూటా తీసినదాక తుపాకిని విప్పరు. పంపుకు కూడ ఇదే సూత్రము. ట్యాంకులో మందు లేకుండ చేసి, మంచి నీటితో మూడుసార్లు కడిగి, నాజిలును నేల వైపు త్రిప్పి, జల్లు పూర్తిగ ఆగువరకు ట్రిగ్గరు నొక్కి పట్టుకొనవలెను. ప్రెషరు గదిలో కొద్ది ప్రెషరు మిగిలియున్నను, టోపీ విప్పగానే మందు ముఖమున కొట్టును. చేతికి రబ్బరు తొడుగులు, కంటికి అద్దములు ఉండవలెను. ఇంటి లోపల, వంట చేయు చోట, పిల్లలు తిరుగు చోట విప్పరాదు. చేనిలోనే, గట్టు మీద పాత గోనె పరచుకొని కూర్చొనుడు. తీసిన భాగములను తీసిన వరుసలోనే గోనె మీద పేర్చినచో తిరిగి బిగించునపుడు తికమక ఉండదు.

బకెట్ వాషరు మార్చుట

మీటకు కడ్డీని కలుపు చీల తీసి, సిలిండరు పై మూత మర విప్పి, కడ్డీని నిదానముగ పైకి లాగవలెను. కడ్డీ కొనన ఉన్న నట్టు విప్పినచో వాషరు వచ్చును. తీయుటకు ముందు వాషరు నోరు ఏ వైపు తెరచి ఉన్నదో బాగుగ గుర్తు పెట్టుకొనుడు. కొత్తది కూడ అదే వైపు ఉండవలెను. నోరు ఎప్పుడును నీటిని నెట్టు వైపే ఉండును; తిరగబడినచో ఎంత కొట్టినను ప్రెషరు రాదు. కొత్త వాషరు మంచిది కాదని దుకాణదారుతో తగవు పడిన వారిలో సగము మంది దానిని తిరగవేసి బిగించినవారే.

తోలు వాషరును బిగించుటకు ముందు నూనెలో నానబెట్టవలెను. రబ్బరు వాషరుకు కిరోసిను, డీజిలు తగులనీయరాదు, రబ్బరు ఉబ్బి చెడిపోవును. సబ్బు నీరు రాసినచో చాలును. సిలిండరు లోపలి గోడను వ్రేలితో తడిమి చూడుడు. గీతలు పడి ఉన్నచో కొత్త వాషరు కూడ ఎక్కువ కాలము నిలువదు, సిలిండరును మార్చవలసియుండును. నట్టును వాషరు నలగునంత బిగించరాదు. వాషరు అంచులు సిలిండరు గోడకు సమముగ ఆనవలెను.

ట్రిగ్గరు, నాజిలు

ట్రిగ్గరు పిడి విప్పినచో కడ్డీ, స్ప్రింగు, రబ్బరు ఉంగరములు వచ్చును. స్ప్రింగు ఎగిరి గడ్డిలో పడును, జాగ్రత్త. ఉంగరము ఒకటి తెగినను రెండును మార్చుడు. పాత స్ప్రింగును సాగదీసి మరల పెట్టుట మన వాళ్లకు అలవాటు. అది రెండు దినములు పని చేసి, మూడవ దినమున చేను మధ్యలో మోసము చేయును. తుప్పు పట్టిన స్ప్రింగును పారవేయవలసినదే.

నాజిలు విషయములో రెండు దురలవాట్లు ఉన్నవి. మొదటిది, రంధ్రము మూసికొన్నపుడు నోటితో ఊదుట. ఇది విషమును నోటిలో పెట్టుకొనుటయే. రెండవది, గుండుసూదితోనో తీగతోనో పొడుచుట. దీనితో రంధ్రము పెద్దదగును, ఒక ప్రక్కకు అరుగును. మెత్తని పళ్ల బ్రష్షు, నీరు ఉన్నచో చాలును. మాటిమాటికి మూసికొనుచున్నదని కొందరు జల్లెడలు తీసివేయుదురు. మూసికొనుటకు కారణము జల్లెడ కాదు. వడపోయని కాలువ నీరు. ట్యాంకులో పోయునపుడే నీటిని గుడ్డతో వడపోయుడు, జల్లెడలను ఉండనీయుడు.

అరిగిన బిళ్ల ఖరీదు

కారుచున్నది కంటికి కనబడును. అరిగిన రంధ్రము కనబడదు. అందుచేత రైతు దీనివలన ఎక్కువ నష్టపోవుచున్నాడు.

కొత్త బిళ్ల పెట్టి, మంచి నీటితో, ఒక్క తీరుగ మీట కొట్టుచు, ఒక నిమిషములో వచ్చిన నీటిని కొలపాత్రలో పట్టుడు. 600 మిల్లీ లీటర్లు వచ్చినదనుకొందము. ఆ అంకెను పంపు మీదనే చెరగని సిరాతో వ్రాసి ఉంచుడు. ప్రతి పంటకు ముందు తిరిగి కొలవుడు. పదింట ఒక వంతు మించి పెరిగినచో, అనగా 660 దాటినచో, బిళ్ల మార్చవలెను.

కొలిచి చూడక 750 వరకు వాడినారనుకొనుడు. ఎకరమునకు 200 లీటర్లు పట్టవలసిన చోట అదే నడకతో 250 లీటర్లు పట్టును. లీటరుకు 2 మిల్లీ లీటర్ల మందు కలుపువారైనచో 400కు బదులు 500 పోసినట్లగును. ఎకరమునకు 100 మిల్లీ లీటర్ల మందు నేలపాలు. పైగా పెద్ద చినుకులు ఆకు మీద నిలువక జారిపోవును, పురుగు చావదు. మందు మంచిది కాదని రైతు మరొక మందు కొనును. బిళ్ల ఖరీదు ఆ రెండవ డబ్బా ఖరీదులో ఎన్నవ వంతో మీరే లెక్క వేసికొనుడు.

మన డెల్టాలో సుడిదోమకు ఇది మరియు ముఖ్యము. బి.పి.టి. 5204 వంటి రకములు దోమకు త్వరగ లొంగును. దోమ పిలక అడుగున, నీటికి పైన గుంపుగ ఉండును. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీసి, నాజిలును దుబ్బు మొదటికి చేర్చి కొట్టవలెను. పైన ఆకులు తడిపినంత మాత్రమున దోమకు ఏమియు కాదు. సన్నని జల్లు మొదళ్ల వరకు పోవలెనన్నచో ప్రెషరు నిలువవలెను, బిళ్ల రంధ్రము గుండ్రముగ ఉండవలెను.

వన్ టౌన్‌లో కొనునపుడు

పట్నము పోయి భాగము కొనుటలో కూడ మెలకువ ఉన్నది. "పంపు వాషరు ఇవ్వండి" అని అడిగినచో ఏదో ఒక వాషరు ఇత్తురు. కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర దిగి, వన్ టౌన్ సందులలో నాలుగు దుకాణములు తిరిగి, ఇంటికి వచ్చి చూచుకొన్నచో అది పట్టదు. మరల బస్సు చార్జీలు, ఒక దినము పని నష్టము. ఆ విసుగుతోనే మనిషి పురికొస కట్టును.

అందుచేత ఇట్లు చేయుడు. పాత భాగమును సబ్బుతో బాగుగ కడిగి, ఆరబెట్టి, మూత గల చిన్న సీసాలో వేసికొని పొండు. అన్నము మూటతో, కూరగాయల సంచితో కలిపి తీసికొనిపోరాదు. పంపు కంపెనీ పేరు, నమూనా పేరు, ట్యాంకు ఎన్ని లీటర్లదో కాగితము మీద వ్రాసికొనుడు. దుకాణములో కొత్తదానిని పాతదానితో ఆనించి చూచి కొనుడు. వాషరు వెడల్పు, లోపలి రంధ్రము రెండును సరిపోవలెను. వ్రేళ్లతో నొక్కి చూడుడు. పగుళ్లు ఉన్న పాత సరకు తీసికొనరాదు. ఒకటికి రెండు కొనుడు. బకెట్ వాషరు రెండు, ట్రిగ్గరు ఉంగరములు నాలుగు, ఒక స్ప్రింగు, నాజిలు బిళ్లలు రెండు, మూత వాషరు ఒకటి, గొట్టపు క్లిప్పులు రెండు. ఇవన్నియు ఒక చిన్న డబ్బాలో పట్టును. పంట కాలములో ఈ డబ్బా ఇంట ఉన్నవానికి పని ఆగదు.

వన్ టౌన్‌కు వచ్చినవారు ఎట్లును బ్యారేజీ వైపు చూడకుండ పోరు. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొని వచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటరు వెయిట్లను దెబ్బతీసినవి. విరిగినవానిని తీసి కొత్తవి బిగించిన తరువాతనే ఇంజనీర్లు ఆ గేట్ల సంగతి వదలినారు. అంత పెద్ద కట్టడమైనను, వీపు మీది పంపైనను న్యాయము ఒక్కటే: విరిగిన భాగమునకు బదులు సరియైన భాగము.

బిగించిన తరువాత పరీక్ష

మందుతో పరీక్షించరాదు. ట్యాంకులో సగము వరకు మంచి నీరు పోసి, పంపును నేల మీద ఉంచి ప్రెషరు ఎక్కించుడు. ప్రతి అతుకును పొడి గుడ్డతో తుడిచి, కొంచెము సేపు ఆగి, మరల తుడిచి చూడుడు. గుడ్డ తడియరాదు. తరువాత వీపున వేసికొని ఒకసారి వంగి లేవుడు. మూత సంగతి తెలియును.

పిమ్మట రెండు సెంట్ల మడి కొలుచుకొని, మీ మామూలు నడకతో ఆ నీటినే చల్లుడు. ఎన్ని లీటర్లు పట్టినదో చూచి 50తో గుణించినచో ఎకరమునకు ఎన్ని లీటర్లో వచ్చును. రెండు సెంట్లకు 4 లీటర్లు పట్టినచో ఎకరమునకు 200 లీటర్లు. 16 లీటర్ల ట్యాంకు పండ్రెండున్నర. ఎవరి నడక వారిది, ఎవరి చేయి వారిది. కాబట్టి ప్రక్క చేని లెక్క మీకు పనికిరాదు.

కలుపు మందుకు వేరే పంపు ఉంచుకొనుట మంచిది. దానికి బల్లపరుపుగ జల్లు పడు నాజిలు వాడవలెను. ఒకే పంపు వాడి, సరిగ కడుగక, మిగిలిన కలుపు మందుతో మినుము మాడిపోయిన చేలు నేను చూచినాను.

ఇంట్లో ముట్టుకొనరానివి

అన్నియు ఇంట్లో బాగుచేసికొనవలెనని నేను చెప్పుట లేదు. ట్యాంకు పగిలినచో, ప్రెషరు గది పగిలినచో మైనముతోను, వేడి ఇనుముతోను అతికించరాదు. ఆ భాగమును మార్చవలెను. బ్యాటరీ పంపులలో నాజిలు, జల్లెడ, ట్రిగ్గరు, గొట్టము సంగతి పైన చెప్పినట్లే. విప్పుటకు ముందు స్విచ్చి ఆపి, బ్యాటరీ తీగ ఊడదీయవలెను. మోటారు, చార్జరు మాత్రము తెలిసిన మెకానిక్కుకే ఇవ్వుడు.

కడిగిన నీరు ఎక్కడ పోయవలెను

ఈ మాట బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల వెంట ఉన్నవారందరికి. పంపు కడుగుటకు కాలువ రేవు అందుబాటులో ఉండును. కాని ఆ కాలువ నీరే దిగువ గ్రామముల మంచినీటి చెరువులకు పోవుచున్నది. మీరు కడిగిన మందు క్రింది ఊరి బిందెలోనికి చేరును; పై ఊరివారు కడిగినది మీ బిందెలోనికి వచ్చును. కడిగిన నీటిని మందు చల్లిన చేనిలోనే చల్లివేయుడు. కాలువ దగ్గర, చెరువు దగ్గర, బోరు దగ్గర కడుగరాదు. చేపల చెరువులు ఉన్నచోట ఈ జాగ్రత్త రెండింతలు కావలెను.

ఎంత జాగ్రత్తపడినను ఎవరికైనను తల తిరుగుట, వాంతి, చెమటలు, చొంగ కారుట, చూపు మసకబారుట కనిపించినచో వెంటనే పని ఆపి, తడిసిన బట్టలు తీసివేసి, సబ్బుతో ఒళ్లంతయు కడిగి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. మందు డబ్బాను లేబులుతో సహా డాక్టరుకు చూపవలెను. చింతపండు నీళ్లు, మజ్జిగ అని కాలము గడపరాదు.

గ్రామోద్యోగులకు

సార్వాకు ముందు ఒకసారి, దాళ్వాకు ముందు ఒకసారి రైతు సేవా కేంద్రము దగ్గర పంపుల పరీక్ష దినము పెట్టవచ్చును. కొలపాత్ర, గడియారము, రెండు పానాలు, పొడి గుడ్డలు ఉన్నచో చాలును. ఊరి పంపులన్నిటికి నిమిషపు కొలత తీసి, కారువానికి ఎర్ర రంగు చుక్క పెట్టుడు. ఏ కంపెనీ పంపులు ఎక్కువ ఉన్నవో చూచి, ఆ భాగములు పది మంది కలిసి ఒకేసారి తెప్పించుకొనునట్లు చేసినచో ప్రతివానికి వన్ టౌన్ ప్రయాణము తప్పును. కూలికి మందు కొట్టువారిని కూడ తప్పక పిలువుడు. పంపు రైతుదైనను, తడియు వీపు వారిది.

తుపాకి లైసెన్సుదారులకు కూడ ఒక మాట చెప్పుడు. ఆయుధముల చట్టములో పంట కాపుదలకని చెప్పినది నోటి నుండి మందు కూరు తుపాకి. అది చాలదని అధికారి తలచినచో సాదా గొట్టపు తుపాకి. పాయింట్ 22 రైఫిలు క్లబ్బు సభ్యుల గురి అభ్యాసమునకు ఉద్దేశించినది. తుపాకి ఏదైనను విరిగినపుడు పోవలసిన చోటు లైసెన్సు గల మరమ్మతు దుకాణమే.

ఆనాటి సమావేశము ముగిసిన తరువాత పెద్దాయన, నేను, మరి నలుగురు గట్టు మీద కూర్చొని ఆ సైకిలు ట్యూబు ముక్కను కోసివేసితిమి. లోపల రబ్బరు ఉంగరము రెండు ముక్కలై ఉన్నది. నా సంచిలోని డబ్బాలో సరిపోవునది దొరికినది. మార్చుటకు పది నిమిషములు కూడ పట్టలేదు. నీరు పోసి, ప్రెషరు ఎక్కించి, పొడి గుడ్డ ఆయన చేతికే ఇచ్చితిని. తుడిచి చూచినారు. గుడ్డ పొడిగ ఉన్నది.

"రెండేళ్ల బట్టి చెయ్యి మండుద్దంటే ఎండకనుకున్నానండి," అన్నారు.

సోదరులారా, మీ పంపు ఇప్పుడు ఏ మూలన ఉన్నదో లేచి చూడుడు. దానికి దారము గాని, తీగ గాని, ట్యూబు ముక్క గాని చుట్టి ఉన్నచో, రేపు మందు కలుపుటకు ముందే దానిని కోసివేయుడు.